పిట్టగూటి లాగ్‌బుక్

పటాన్‌చెరు, పాశమైలారం, బొల్లారం, గడ్డపోతారం వైపు రోజులు షిఫ్టుల లెక్కన నడుస్తాయి. తెల్లారి ఆరు కాకముందే ఇస్నాపూర్ చౌరస్తాలో కంపెనీ బస్సుల కోసం జనం గుంపులుగా నిలబడతారు. నైట్ షిఫ్టు దిగినవాళ్లు హోటల్ ముందు చాయ్ తాగుతుంటారు. ఫిబ్రవరి నుంచి మే దాకా అదే వేళకు ఆ హోటల్ షట్టరు వెనక సందులోకి ఊరపిచ్చుకలు గడ్డిపోచలు మోస్తుంటాయి. పక్క బిల్డింగు కేబుల్ తీగ మీద ఒక నలుపూ తెలుపూ పిట్ట తోక నిక్కించి గొంతెత్తి పాడుతుంటుంది. అది పెద్ద నల్లంచి. చాయ్ తాగేవాళ్లలో తలెత్తి చూసేవాళ్లు తక్కువ.

ఈ అధ్యాయం ఆ తలెత్తడం గురించే. ఇంటి వెనకో బాల్కనీలోనో చిన్న చెక్కపెట్టె బిగించి, అందులోకి వచ్చే పిట్టను ఒక సీజనంతా ఎలా చూడాలన్నది విషయం. పెట్టె చేయడం ఒక ఆదివారం పని. ముట్టుకోకుండా, మూత తీయకుండా, కనబడింది కనబడినట్టు రాసుకుంటూ నెలల తరబడి చూడటమే కష్టం. అయితే దానికి కావలసిన అలవాటు ఈ ప్రాంతంలో ఎంతోమందికి చేతిలో ఉన్నదే. బాయిలర్ ఆపరేటర్ గంటగంటకూ ప్రెషర్ చూసి లాగ్‌బుక్‌లో ఎక్కిస్తాడు. మందుల కంపెనీ ల్యాబులో కెమిస్ట్ రీడింగును తన ఇష్టానికి దిద్దడు. తప్పు పడితే ఒక్క గీతతో కొట్టేసి, పక్కన సంతకం, తేదీ వేస్తాడు. జీతం కోసం చేసే ఆ పనినే ఇంటి దగ్గర తన కోసం చేసుకునే మనిషికి, రోజూ నడిచే దారిలోనే అంతకుముందు కంటికి ఆనని సంగతులు కనబడటం మొదలవుతాయి.

కనబడింది రాసిపెట్టడం ఎంత విలువైన పనో పక్షి శాస్త్రవేత్త సలీం అలీ చిన్ననాటి సంగతి చెబుతుంది. 1906-07 నాటికి ఆయనకు పదేళ్లు. గుర్రపుశాలలో ఒక కంతలో ఊరపిచ్చుకల గూడు ఉంది. ఆడది లోపల గుడ్ల మీద కూర్చుంటే, మగది బయట మేకు మీద కాపలా ఉండేది. కుర్రాడు బండి చాటు నుంచి ఆ మగపిచ్చుకను తుపాకీతో కొట్టాడు. కాసేపటికే ఆడపిచ్చుక ఇంకో మగదాన్ని తెచ్చుకుంది. కొత్తది కూడా అదే మేకు మీద కాపలాకు కూర్చుంది. అలా ఏడు రోజుల్లో ఎనిమిది మగపిచ్చుకలు పోయాయి. చంపడంలో నేర్చుకోవాల్సింది ఏమీ లేదు, ఇవాళ అలా చేస్తే నేరం కూడా. కానీ ఆ పిల్లవాడు తన వేట లెక్కతో ఆగిపోలేదు, ప్రతిసారీ ఆడపిచ్చుక ఏం చేసిందో నోట్సులో రాశాడు. 1985లో వచ్చిన ఆత్మకథలో ఆ నోట్సును యథాతథంగా చేర్చాడు. ఆయనే 1931-32లో నిజాం రాజ్యమంతా తిరిగి ఇక్కడి పక్షుల సర్వే చేశాడు. తెలంగాణ పక్షుల గురించి నేటికీ పరిశోధకులు ముందుగా తిరగేసే పాత రికార్డుల్లో అదొకటి.

పిచ్చుకకు పెట్టె అవసరం ఎందుకొచ్చింది? గూనపెంకుల ఇళ్లలో వాసానికీ పెంకుకూ మధ్య సందులుండేవి, చూరు ఉండేది, దూలం మీద చోటుండేది. వాకిట్లో వడ్లు ఆరబోసేవారు, అరుగు మీద నూకలు చెరిగేవారు. చూరుకు వరిగొలుసుల కుచ్చు వేలాడదీసి పిట్టల కోసమే వదిలేసిన ఇళ్లు ఎన్నో. ఇప్పుడు రామచంద్రాపురం నుంచి సంగారెడ్డి దాకా రోడ్డు పొడవునా లేచిన స్లాబు ఇళ్లలో, అద్దాల అపార్టుమెంట్లలో పిచ్చుక దూరేంత సందు దొరకదు. తొర్రలున్న పాత వేపలూ మర్రులూ రోడ్డు వెడల్పులో పోయాయి. ఫ్యాక్టరీల ప్రహరీ వెంట నాటిన కోనోకార్పస్ వరుసలు ఏపుగా పెరుగుతాయి గానీ వాటిలో తొర్రలుండవు.

సెల్‌టవర్ల వల్లే పిచ్చుకలు అంతరించాయని చాలామంది నమ్ముతారు. 2018లో వచ్చిన '2.0' సినిమా ఆ నమ్మకాన్ని ఇంకా గట్టిపరిచింది. దేశమంతటి పక్షి పరిశీలకుల లెక్కలతో 2020లో వెలువడిన 'స్టేట్ ఆఫ్ ఇండియాస్ బర్డ్స్' నివేదిక చెప్పింది వేరు. దేశం మొత్తం మీద ఊరపిచ్చుకల సంఖ్య పాతికేళ్లుగా దాదాపు నిలకడగానే ఉంది. తగ్గింది పెద్ద నగరాల్లో, అందులో హైదరాబాద్ కూడా ఉంది. టవర్ల రేడియేషనే కారణమని చెప్పే గట్టి ఆధారం లేదు. గూటి చోటు కరువవడం, పురుగుల తిండి తగ్గడం వైపే ఆధారాలు ఎక్కువగా మొగ్గుతున్నాయి. నగరం అంచున ఉన్న పటాన్‌చెరు లాంటి చోట ఈ సంగతి బాగా అక్కరకొస్తుంది. ఇక్కడ పిట్టలు ఇంకా ఉన్నాయి. టవర్‌ను చూసి నిట్టూర్చేకంటే గోడకు ఒక పెట్టె బిగించడం మన చేతిలో ఉన్న పని.

అన్ని పిట్టలూ పెట్టెలోకి రావు, ముందే ఈ సంగతి తెలిసుంటే నిరాశ ఉండదు. తొర్రల్లో, కంతల్లో గూడు పెట్టేవే వస్తాయి: ఊరపిచ్చుక, గోరింక, పెద్ద నల్లంచి, ఒక్కోసారి నల్లంచి. రామచిలుక, పగిడిగంటి అనే చిన్న గుడ్లగూబ, మన రాష్ట్రపక్షి పాలపిట్ట కూడా తొర్రల జాతివే. దసరా నాడు పాలపిట్ట కోసం ఊరి బయటికి వెళ్లి చూసే మనం, అది మార్చి నుంచి జూన్ మధ్య ఎండిన తాటిమోడులోనో చెట్టు తొర్రలోనో గుడ్లు పెడుతుందని పట్టించుకోం. కంపెనీ ఆవరణలో ఎవరి మీదా కూలే ప్రమాదం లేని మూలన ఎండిన మోడు ఒకటుంటే కొట్టేయకుండా ఉంచమని అడగడం పది పెట్టెలు కట్టినంత మేలు. గిజిగాడు వానాకాలంలో తన గూడు తాను అల్లుకుంటుంది. దర్జీ పిట్ట ఆకులు కుట్టుకుంటుంది. తేనెపిట్ట గూటిని వేలాడదీస్తుంది. పిగిలిపిట్టకు పొద చాలు. వీటి కోసం పెట్టె కట్టి ఎదురుచూడటం వృథా.

పెట్టెకు చెక్క ఎక్కడ దొరుకుతుందో ఈ ఫ్యాక్టరీల పట్టీలో అడగాల్సిన పని లేదు. యంత్రాలొచ్చిన ప్యాకింగ్ పెట్టెలు, ప్యాలెట్లు పాత సామాన్ల దుకాణాల ముందు గుట్టలుగా ఉంటాయి. ఒక్క జాగ్రత్త. విదేశాల మధ్య తిరిగే ప్యాలెట్ల మీద గోధుమకంకి లాంటి గుర్తున్న ముద్ర ఉంటుంది. అందులో 'హెచ్‌టీ' అని ఉంటే ఆ చెక్కను పురుగు చావడానికి వేడి చేశారని అర్థం, దాన్ని వాడుకోవచ్చు. 'ఎంబీ' అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించారని అర్థం, దాన్ని వదిలేయాలి. ముద్ర ఏదైనా సరే, రసాయనం ఒలికిన మరకలున్నా ఘాటు వాసన వస్తున్నా ఆ చెక్క పనికిరాదు. కంపెనీల నుంచి బయటికొచ్చే నీలం ప్లాస్టిక్ డ్రమ్ములను కోసి పిట్టలకు నీళ్లు పెట్టడం అంతకంటే ప్రమాదం.

ఊరపిచ్చుక పెట్టెకు అడుగు భాగం ఆరంగుళాల చదరం, ఎత్తు తొమ్మిది పది అంగుళాలు సరిపోతాయి. చెక్క మందం ముప్పావు అంగుళం ఉంటే ఎండ లోపలికి దిగదు. రంధ్రం కొలత దగ్గరే అసలు తెలివి ఉంది. ముప్పై రెండు మిల్లీమీటర్లు, అంటే పది రూపాయల బిళ్ల కంటే కాస్త పెద్దది. అంత రంధ్రంలో పిచ్చుక పడుతుంది, గోరింక పట్టదు. కొంచెం పెద్దగా కోస్తే బలమున్న గోరింక పిచ్చుకను తరిమేసి పెట్టెను ఆక్రమిస్తుంది. పెద్ద నల్లంచి కోసమైతే రెండున్నర అంగుళాల రంధ్రం పెట్టాలి, అప్పుడు గోరింక వచ్చినా సర్దుకోవాలి. రంధ్రం అడుగు నుంచి ఐదారు అంగుళాల ఎత్తున ఉండాలి, పిల్లికాలు లోపలికి అందకూడదు. ముందు వాలే కర్ర పెట్టకూడదు. చూడటానికి ముచ్చటగానే ఉంటుంది గానీ కాకికీ పిల్లికీ అదే మెట్టు అవుతుంది, పిచ్చుకకు దాని అవసరమే లేదు. లోపల రంగు వేయకూడదు, చెక్క గరుకుగా ఉంటేనే పిల్లలు గోళ్లతో పట్టుకుని పైకెక్కుతాయి. అడుగున నాలుగు చిన్న బెజ్జాలు నీరు పోవడానికి, పైన పక్కల్లో రెండేసి గాలి ఆడటానికి వేయాలి. మూతకు మేకులు కొట్టేయకుండా మర బిగిస్తే సీజను ముగిశాక తెరిచి శుభ్రం చేయొచ్చు.

మన ఎండలకు అన్నిటికన్నా ముఖ్యం పెట్టె ఉండే చోటు. ఏప్రిల్, మే నెలల్లో ఇక్కడ నలభై డిగ్రీలు దాటుతుంది. సాయంత్రపు ఎండ కొట్టే పడమటి గోడకు పెట్టె బిగిస్తే లోపలి పిల్లలు ఉడికిపోతాయి. రేకు డబ్బాలు, ప్లాస్టిక్ సీసాలతో చేసే గూళ్లకూ ఇదే కీడు. బడి పిల్లలతో సరదాగా చేయిస్తుంటారు కానీ ఈ ప్రాంతపు వేసవికి అవి ఎంతమాత్రం పనికిరావు. తూర్పు గానీ ఉత్తరం గానీ చూసే గోడకు, సజ్జ కింద, ఎనిమిది పది అడుగుల ఎత్తున బిగించాలి. నైరుతి నుంచి వచ్చే వానజల్లు కూడా అటు తక్కువ కొడుతుంది. పిచ్చుకలు గుంపుగా బతికేవి కాబట్టి ఒకటికి బదులు రెండు మూడు పెట్టెలు దగ్గరదగ్గరగా ఉంటే త్వరగా నమ్ముతాయి. అద్దె ఇంట్లో ఉన్నవాళ్లు గోడకు మేకు కొట్టకుండా గ్రిల్‌కు తీగతో కట్టుకోవచ్చు, ఊగకుండా ఉంటే చాలు. సీలింగ్ ఫ్యాన్ తిరిగే గదిలోకి దారి ఉన్నచోట మాత్రం ఎప్పుడూ కట్టకూడదు.

పెట్టె ఉగాదికి కట్టి ఉగాది మర్నాడే పిట్ట రావాలనుకుంటే కుదరదు. జనవరికల్లా గోడ మీద ఉంటే మంచిది. కొన్ని పెట్టెలు వారంలో నిండుతాయి, కొన్ని ఏడాది ఖాళీగా ఉంటాయి. ఖాళీగా ఉందని నెలకోసారి చోటు మార్చేవారి పెట్టెలోకి పిట్ట రాదు. ఒక పూర్తి సీజను చూసి, అప్పటికీ రాకపోతే మార్చాలి.

మొదట వచ్చేది మగపిచ్చుక. గొంతు కింద నల్లటి మచ్చ, బూడిదరంగు నడినెత్తి ఉంటాయి. జతకట్టే కాలంలో ముక్కు కూడా నల్లబడుతుంది. అది రంధ్రం దగ్గర వాలి, ఒకే కూతను పొడిపొడిగా, గంటల కొద్దీ కూస్తుంది. తల లోపలికి పెట్టి చూస్తుంది, బయటికి తీస్తుంది, మళ్లీ కూస్తుంది. ఆడపిచ్చుకకు గొంతు మచ్చ ఉండదు, కంటి వెనక లేత గోధుమరంగు గీత ఉంటుంది. అది వచ్చి లోపలికి వెళ్లి చూసి పోతుంది. రెండూ కలిసి గడ్డి, దూది, దారాలు మోయడం మొదలుపెడితే చోటు నచ్చినట్టే. చికెన్ షాపు దగ్గర ఏరిన తెల్లటి ఈకను అడ్డంగా పట్టుకుని, రంధ్రంలో పట్టక వెనక్కీ ముందుకూ తిప్పి, చివరికి మొనవైపు నుంచి లోపలికి లాక్కునే పిచ్చుకను చూసినవారు ఆ పక్షికి తెలివి లేదని ఇంకెప్పుడూ అనరు. సంక్రాంతి తర్వాత చెట్లకు, తీగలకు చిక్కుకున్న మాంజా ముక్కలు కత్తిరించి తీసేయాల్సింది కూడా ఈ రోజుల్లోనే. గూట్లోకి చేరిన నైలాన్ దారం పిల్లల కాళ్లకు చుట్టుకుంటే అవి ఎగరలేవు.

తర్వాత కొన్నాళ్లు గోల తగ్గుతుంది. ఆడపిచ్చుక రోజుకొకటి చొప్పున మూడు నుంచి ఐదు గుడ్లు పెడుతుంది. పొదగడం పదకొండు నుంచి పద్నాలుగు రోజులు. కొత్తగా చూసేవారి ఓపిక తెగేది ఇక్కడే. 'ఏం లేదురా, పిట్ట పోయినట్టుంది' అనుకుని స్టూలేసుకుని మూత తీస్తారు, ఫోన్ లోపలికి పెట్టి రీలు తీస్తారు. బెదిరిన పక్షి గుడ్లు వదిలేసి పోవచ్చు. అదీగాక 1972 నాటి వన్యప్రాణుల సంరక్షణ చట్టం గూటిని, గుడ్లను కదిలించడాన్ని కూడా వేట కిందే లెక్కిస్తుంది. ఫ్యాక్టరీలో ట్యాగు తగిలించిన వాల్వును ఎవరూ తిప్పరు. పెట్టె మూత విషయంలోనూ అంతే గట్టిగా ఉండాలి.

మూత తీయకుండానే లోపలి సంగతి తెలుస్తుంది. పెద్దవి ముక్కున పచ్చపురుగో మిడతో పట్టుకుని లోపలికి వెళ్లాయంటే గుడ్లు పగిలాయి. బయటికొచ్చేటప్పుడు తెల్లటి చిన్న ముద్ద తీసుకెళ్లి దూరంగా పారేశాయంటే అది పిల్లల రెట్ట, పల్చటి తిత్తిలో చుట్టి వస్తుంది. గూడు శుభ్రంగా ఉండేది అందుకే. వారం తిరిగేసరికి లోపలి నుంచి సన్నటి అరుపులు వినిపిస్తాయి. ఇంకో వారానికి పసుపు అంచుల నోళ్లు రంధ్రం దగ్గరే కనబడతాయి. పద్నాలుగు, పదహారు రోజుల వయసులో పిల్లలు బయటికి దూకుతాయి.

రాసుకోవడానికి పది రూపాయల నోట్‌బుక్ చాలు. తేదీ, సమయం, ఎంతసేపు చూశారు, ఏం కనబడింది. పదిహేను ఇరవై అడుగుల దూరంలో కుర్చీ వేసుకుని, రోజూ ఒకే సమయంలో పావుగంట. షిఫ్టు మారితే సమయం మారుతుంది, మారినట్టు రాసుకోవాలి. ఆ పావుగంటలో మగది ఎన్నిసార్లు తిండి తెచ్చింది, ఆడది ఎన్నిసార్లు తెచ్చింది అని అడ్డగీతలతో లెక్క వేసుకుంటే వారానికే ప్రశ్నలు పుడతాయి. మధ్యాహ్నం రాకపోకలు ఎందుకు తగ్గాయి? వాన పడ్డ మర్నాడు పురుగులు ఎందుకు ఎక్కువ తెచ్చాయి? జవాబు తెలియని ప్రశ్నను అలాగే రాసి వదిలేయాలి. 'పాపం బాధపడుతోంది', 'సంతోషంగా ఉంది' లాంటి మాటలు నోట్సులోకి రాకుండా చూసుకోవాలి. ఏ రెక్క ఎలా ఉంది, ఏ కూత ఎన్నిసార్లు వినబడింది అన్నది రాస్తేనే మరుసటి ఏడాది పోల్చుకోవడానికి పనికొస్తుంది.

పురుగుల సంగతి ఇంకొంచెం చెప్పుకోవాలి. పెద్ద పిచ్చుక గింజలు తింటుంది గానీ పిల్లలకు పెట్టేది ఎక్కువగా పురుగులే. ఇంగ్లండ్‌లోని లెస్టర్ దగ్గర జరిగిన పరిశోధనలో పురుగుల తిండి చాలని చోట పిల్లలు గూట్లోనే ఎక్కువగా చనిపోతున్నట్టు తేలింది. పెట్టె కట్టి, పెరట్లో పురుగుమందు కొట్టే ఇంట్లో జరిగేదీ అదే. కరివేపాకు, నిమ్మ చెట్ల మీద పెరిగే సీతాకోకచిలుక పురుగులను వదిలేయాలి. పది ఆకులు పోయినంత మాత్రాన చెట్టుకేం కాదు. రెండంగుళాల లోతున్న మట్టి మూకుట్లో కుళాయి నీళ్లు పోసి రోజూ మార్చాలి, దోమలు కూడా పెరగవు. డెబ్బైల నుంచి ఫ్యాక్టరీలు వదిలిన వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీరలోకి చేరిన చరిత్ర ఈ నేలది. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తల బృందం పటాన్‌చెరు వ్యర్థజలాల శుద్ధికేంద్రం నుంచి వచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లాంటి యాంటీబయాటిక్స్ విపరీతంగా ఉన్నాయని బయటపెట్టడంతో ఈ ఊరి పేరు ప్రపంచమంతా వినబడింది. ఇలాంటి చోట శుభ్రమైన మూకుడు నీళ్లు పిట్టకు నిజంగా అవసరం.

సీజనులో ఒకటి రెండు కష్టాలు తప్పవు. ఈకలు పూర్తిగా రాని పిల్ల కింద పడితే మెల్లగా తీసి గూట్లో పెట్టేయొచ్చు. మనిషి చెయ్యి తగిలితే తల్లి ముట్టదన్నది అపోహ. ఈకలొచ్చి గెంతుతున్న పిల్లయితే ఎత్తుకుపోకూడదు, అది ఎగరడం నేర్చుకుంటోంది, పెద్దవి దగ్గర్లోనే ఉంటాయి. పిల్లిని అటు రాకుండా చూస్తే చాలు. రంధ్రం దగ్గర పిల్లలు నోరు తెరిచి ఎగపోస్తుంటే పెట్టెకు ఎండ తగులుతోందని గుర్తు. రంధ్రం మూసుకోకుండా పైన గోనెపట్టా కప్పి నీడ చేయాలి. చిల్లగద్ద వచ్చి ఒక పిల్లను ఎత్తుకుపోతే చూసేవారి గుండె పిండేసినట్టవుతుంది. గద్దను రాళ్లతో కొట్టకూడదు, దానికీ ఎక్కడో గూడుంది. ఆ రోజు నోట్‌బుక్‌లో టైము వేసి జరిగింది రాయాలి.

పెట్టె దగ్గర కళ్లు అలవాటు పడ్డాక బయటికి వెళ్లాలనిపిస్తుంది. అమీన్‌పూర్ చెరువు దగ్గర్లోనే ఉంది. 2016లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా గుర్తింపు పొందింది. దేశంలో ఆ గుర్తింపు దక్కిన తొలి చెరువు అదే. 1972లో పటాన్‌చెరులో మొదలైన పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ ఆవరణలో ఎర్రనేల, నల్లరేగడి, చెరువులు, పొలాలు పక్కపక్కనే ఉండటంతో రెండు వందలకు పైగా జాతుల పక్షులు నమోదయ్యాయి. లోపలికి అనుమతి కావాలి. 1980లో హైదరాబాద్‌లో పుట్టి ఇప్పుడు డెక్కన్ బర్డర్స్‌గా నడుస్తున్న సంఘం వాళ్లతో వెళ్తే పక్షిని గుర్తుపట్టడం త్వరగా వస్తుంది.

నోట్‌బుక్ లెక్కలు ఇంట్లోనే ఉండిపోనక్కర్లేదు. పక్షి పరిశీలకులు వాడే ఈబర్డ్ యాప్‌లో ఎక్కిస్తే అవి శాస్త్రవేత్తల చేతికి చేరతాయి. 2020 నివేదిక తయారైంది అలాంటి మామూలు మనుషుల లెక్కలతోనే. ఏటా ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో పావుగంట చూసి పంపినా చాలు. సరిగ్గా పిచ్చుకలు పెట్టెలు వెతుక్కునే రోజులవి. ఇంగ్లండ్‌లో ఆక్స్‌ఫర్డ్ పక్కన వైతమ్ అడవిలో 1947 నుంచి పెట్టెల్లోని పక్షులను ఏటా గమనిస్తున్నారు, ఇప్పుడు అక్కడ వెయ్యికి పైగా పెట్టెలున్నాయి. వాతావరణం వేడెక్కేకొద్దీ పక్షులు గుడ్లు పెట్టే రోజులు వారాల కొద్దీ ముందుకు జరిగాయని తెలిసింది ఆ రికార్డుల వల్లే. మొదటి ఏడాది కూర్చుని చూసినవాళ్లకు అలాంటిది తేలుతుందని తెలియదు.

పిచ్చుకలు ఒకే పెట్టెలో రెండు మూడు ఈతలు పెడతాయి కాబట్టి మొదటి పిల్లలు ఎగిరిపోగానే పెట్టె విప్పకూడదు. రెండు మూడు వారాలు ఏ పిట్టా లోపలికి వెళ్లడం లేదని నోట్‌బుక్ చెప్పాకే మర విప్పాలి. ముక్కుకు గుడ్డ కట్టుకుని పాత గూడంతా తీసేసి, మరిగే నీళ్లతో కడిగి, రెండు రోజులు ఎండలో ఆరబెట్టాలి. సబ్బు, ఫినాయిల్ అక్కర్లేదు, పేలు వేడినీళ్లకే చస్తాయి. వదులైన మరలు బిగించి, చెక్క చీలిన చోట సరిచేసి, మళ్లీ అదే మేకుకు తగిలించాలి. చలికాలం రాత్రుళ్లు కొన్ని పిచ్చుకలు అందులోకి వచ్చి పడుకుంటాయి. అవి ఏ వేళకు వస్తాయో, ఎన్ని వస్తాయో రాసుకోవడానికి నోట్‌బుక్‌లో కొన్ని పేజీలు మిగుల్చుకోవాలి.